మోర్బీ వంతెన: తప్పు పాత డిజైన్‌దా, మరమ్మతుదా?

గోదారిగట్టు:
గుజరాత్‌లోని మోర్బీలో మచ్ఛూ నది మీద 19వ శతాబ్దం చివర్లో కట్టిన నడక వంతెన 2022 అక్టోబర్ 30న తెగి 135 మంది చనిపోయారు. మరమ్మతు చేసి తెరిచి నాలుగు రోజులే అయింది. ఇంత పాత వేలాడే వంతెనలు మూసేయాల్సిందే. రిషికేశ్‌లో గంగ మీది పాత వేలాడే వంతెన లక్ష్మణ్ ఝూలాను వద్దనుకున్నదీ అందుకే కదా.

ఇనుపతాడు:
చిక్కు వయసుతో కాదండీ. బ్రిస్టల్‌లో క్లిఫ్టన్ వంతెన 1864 నాటిది. దాని గొలుసుల్లో కొన్ని లండన్‌లోని హంగర్‌ఫర్డ్ నడక వంతెన నుంచి తెచ్చినవి. దాని మీద ఇవాళ్టికీ కార్లు తిరుగుతున్నాయి.

మోర్బీ ప్రధాన కేబుల్ ఏడు పాయల తాడు. పాయకు ఏడు తీగలు, మొత్తం 49. వాటిలో 22 ముందే తుప్పుపట్టి ఉన్నాయని దర్యాప్తు బృందం తేల్చింది. తుప్పు లోపల ఉంటే పైన ఎంత మెరిసినా ఏం లాభం? ఆ తాడు మార్చకుండా నడకదారి మార్చారు. తాడు నుంచి నడకదారిని మోసే కడ్డీల విషయంలో, పాతవాటికే కొత్త ముక్కలు వెల్డింగ్ చేశారు. జనం కదిలినప్పుడు ఆ కడ్డీ కూడా స్వేచ్ఛగా కదలాలి, అలా అతికిస్తే ఆ కదలిక పోతుంది.

సుడిగాలి:
మోర్బీ వీడియోలో కుర్రాళ్లు వంతెనను ఊపడం కనబడలేదా? 1831లో ఇంగ్లండ్‌లోని బ్రాటన్ వంతెన సైనికులు అడుగు కలిపి నడిస్తేనే కూలింది.

ఇనుపతాడు:
అక్కడ విరిగింది ఒక బోల్టు. దాని తయారీలోనే లోపం ఉందని తర్వాత తేలింది. వేలాడే వంతెన ఊగుతుంది. ఊపు తట్టుకునేలానే కట్టాలి.

చెక్కపలక:
చెక్కలు తీసేసి అల్యూమినియం పలకలు వేయడమే కొంప ముంచింది. బరువు పెరిగింది.

సుడిగాలి:
అల్యూమినియం తేలిక లోహం కదా, బరువెలా పెరుగుతుంది?

చెక్కపలక:
లోహం తేలికైతే పలకలూ తేలికవుతాయా? పెరిగిందని రిపోర్టులోనే ఉంది, చదవండి.

గోదారిగట్టు:
పలకలు వదిలేయండి. ఇనుపతాడు గారూ, మీరు కాంట్రాక్టర్లను వెనకేసుకొస్తున్నారు.

ఇనుపతాడు:
నేనా? ఒక వంతెన పనిలో తాడు లోపల తుప్పుందని రాసిచ్చినందుకు నన్ను వేరే సైటుకి పంపేశారు. పైన రంగు కొట్టి తెరిచేశారు. ఆ కోపం ఇంకా చల్లారలేదు. మాట జాగ్రత్త.

గోదారిగట్టు:
నేను మొత్తుకునేదీ అదే! మీలాంటివాళ్ల మాట వినని చోట డిజైన్ ఎంత గొప్పదైతే ఏంటి? మోర్బీలో ఎంత బరువు మోస్తుందో చూసే లోడ్ టెస్ట్ లేకుండానే తెరిచారు. టికెట్లకు పరిమితే లేదు. నాకు నమ్మకం లేనిది ఇనుము మీద కాదు, గేటు దగ్గర కూర్చున్నవాళ్ల మీద.

ఇనుపతాడు:
అలాగని మూసేస్తే ఇక తాడు వంక చూసేవాడే ఉండడు. జనం నడుస్తుంటేనే తనిఖీకి డబ్బులిస్తారు.

గోదారిగట్టు:
మోర్బీలో జనం నడిచారు, డబ్బులూ కట్టారు. తాడు ఎవరు చూశారు?