అప్‌డేట్: థాయ్‌లాండ్‌లో సేవింగ్స్ ఖాతా తెరిచాను

ఏటా వెళ్లొస్తుంటాను, రిటైరయ్యాక అక్కడే ఉండాలనుంది, అక్కడి బ్యాంకులో ఖాతా ఇప్పుడే తెరవొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. పని అయింది, కానీ టూరిస్ట్ స్టాంపు మీద కాదు. 50 ఏళ్లు నిండినవాళ్లకిచ్చే 90 రోజుల నాన్ ఇమిగ్రెంట్ 'O' రకం వీసా చూపాకే బ్యాంకులో ఫారం ఇచ్చారు. పాస్‌పోర్టు, అద్దె ఒప్పందం, ఇమిగ్రేషన్ ఆఫీసు ఇచ్చే నివాస ధ్రువపత్రం, అక్కడి ఫోన్ నంబరు అడిగారు. ఒక బ్రాంచి కాదంటే ఇంకో బ్రాంచికి వెళ్లండి, ఒక్కోచోట ఒక్కో మాట.

అసలు చిక్కంతా డబ్బుతోనే. ఆ వీసా మీద ఉండే గడువుకి ఏడాది పొడిగింపు కావాలంటే దరఖాస్తుకి 2 నెలల ముందు నుంచే 8 లక్షల బాట్లు ఖాతాలో ఉండాలి. మంజూరయ్యాక 3 నెలలు అందులోంచి తీయకూడదు, ఆ తర్వాత కూడా నిల్వ 4 లక్షలకు తగ్గకూడదు. వీసా ఉండేదే 90 రోజులు కాబట్టి దిగిన నాలుగు వారాల్లోపు సొమ్ము పడకపోతే లెక్క తప్పుతుంది. అది విదేశం నుంచి వచ్చినట్టు పాస్‌బుక్‌లో కనబడేలా చూసుకోండి. దరఖాస్తు రోజు పొద్దున్నే ఎంట్రీ వేయించుకోండి, పాతది చూపితే వెనక్కి పంపుతారు.

మన బ్యాంకు నుంచి ఎల్‌ఆర్‌ఎస్ (మనవాళ్లు విదేశాలకి డబ్బు పంపుకోడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన పథకం) కింద పంపడానికి పాన్, ఏ2 ఫారం (డబ్బు ఎందుకు పంపుతున్నామో రాసిచ్చేది) చాలు. ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై 20 శాతం టీసీఎస్, అంటే బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను, పట్టుకుంటారు (ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది లెండి). వీలుంటే మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత పంపండి, రెండు ఆర్థిక సంవత్సరాల పరిమితీ వాడుకోవచ్చు. రిటర్నులో షెడ్యూల్ ఎఫ్‌ఏ (విదేశీ ఆస్తుల వివరాలు) కూడా నింపాలి.