సముద్రంలో గల్లంతైన లాంకాస్టర్ గన్నర్: విమానం ఎక్కడ పడిందో తేల్చడమెలా?

ఇంగ్లండ్‌లోని రన్నిమీడ్ స్మారకం మీద పేరున్న ఒక కుర్ర ఎయిర్ గన్నర్‌కి (లాంకాస్టర్ బాంబర్ విమానంలో తుపాకీ పేల్చేవాడు) వర్ధంతి పత్రం రాస్తున్నాం. సమాధి దొరకని 20 వేలమందికి పైగా వైమానికుల పేర్లు అక్కడున్నాయి.

రెండో ప్రపంచయుద్ధంలో, 1943లో, విమానం నుంచి సముద్రంలో మైన్లు (మందుపాతరలు) వేసే పని అతనిది. స్క్వాడ్రన్ ఫారం 541లో (ఏ విమానం ఏ పని మీద వెళ్లిందో రాసే రికార్డు) ఏడుగురి పేర్లు, బయల్దేరిన టైము, ఆపైన కబురు లేదన్న ముక్క. అంతే. మైన్లు వేయమని ఇచ్చిన చోటుకి రహస్యపేరు ‘నెక్టరీన్స్’. అంటే ఫ్రిసియన్ దీవులు. అవేమో హాలండ్ నుంచి డెన్మార్క్ దాకా పరుచుకుని ఉన్నాయి!

మిగతా ఆరుగురినీ కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో వెతికాం. ఒకరి సమాధి హాలండ్‌లోని టెక్సెల్ దీవిలో ఉంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చోటే విమానం పడిన చోటనుకుంటే పప్పులో కాలేసినట్టే, అలలు ఎంత దూరమైనా లాక్కుపోతాయి. ఇంకో చిక్కు, రాత్రి బయల్దేరిన విమానం కదా, ఒకే సిబ్బందికి రెండు మరణ తేదీలు పడొచ్చు. వరుసగా రెండు రోజులూ వెతకాలి.

తెలిసినవాళ్లు చెప్పండి: శవం ఒడ్డుకు చేరిన తేదీ డచ్ మునిసిపాలిటీ రికార్డుల్లో దొరుకుతుందా? లండన్‌లో క్యూ అనే చోటున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 81 ఫైలును (వైమానికుల మరణాలు, గల్లంతుల ఫైళ్ల వరుస) విమానం సీరియల్ నంబరుతో అడగాలా, పేరుతోనా?

రన్నిమీడ్‌కి వెళ్లేవారుంటే ఒక ఫొటో కావాలి. పేర్లు సన్నటి కిటికీల పక్కరాళ్ల మీద చెక్కారు. ఫ్లాష్ ఎదురుగా కొడితే అక్షరాలు మాయం, పక్కనుంచి వెలుగు పడాలి.