ఎస్‌ఎల్‌ఈఎస్‌లో బెంజాల్కోనియం కలపగానే పాలు విరిగినట్టయింది, ఎందుకు?

ప్రశ్న (పర్లాకిమిడి):
100 కిలోల గిన్నెల లిక్విడ్‌లో 70 శాతం ఎస్‌ఎల్‌ఈఎస్ పేస్టు (నురగనిచ్చే సబ్బు పదార్థం) 10 కిలోలు. క్రిములు చావాలని బెంజాల్కోనియం క్లోరైడ్ పోస్తే తెల్లటి తరకలు కట్టి నురగ పడిపోయింది. ఉప్పు వేసినా చిక్కబడలేదు.

జవాబు (రాయగడ):
ఎస్‌ఎల్‌ఈఎస్‌ది రుణావేశం, బెంజాల్కోనియంది ధనావేశం అండీ. రెండూ జంటకట్టి నీళ్లలో కరగని లవణమవుతాయి; క్రిములను చంపే శక్తీ దాంతోనే పోతుంది. ఆ బ్యాచ్‌కి ఉప్పు పెంచొద్దు, ఇంకా విరుగుతుంది.
బెంజాల్కోనియం మానేసి, 30 శాతం సీఏపీబీ (కోకామిడోప్రొపైల్ బీటైన్ అనే తోడు సబ్బు పదార్థం) 7 కిలోలు వేయండి. దాని అణువుల తలలు (నీటివైపు ఉండే కొసలు) ఎస్‌ఎల్‌ఈఎస్ తలల మధ్య దూరి వికర్షణను తగ్గిస్తాయి. అందుకే మిసెల్లు (సబ్బు అణువుల గుంపులు) తక్కువ గాఢతకే కడతాయి, పొడవుగా సాగి ద్రావణం చిక్కబడుతుంది. సిట్రిక్ యాసిడ్‌తో పీహెచ్ 6 దగ్గరికి తెచ్చాకే ఉప్పు: పావు కిలో చొప్పున కరిగించి పోస్తూ చూడండి. ఒక హద్దు దాటితే మళ్లీ పలచనైపోతుంది, అక్కడ నీళ్లు కలపడమే దారి.

జవాబు (బరంపురం):
పై మాట నిజమే, ఒకటి చేరుస్తాను. వ్యతిరేక ఆవేశాలు ఎప్పుడూ చెడ్డవి కావు. శుద్ధ నీటిలో 25 డిగ్రీల దగ్గర రుణావేశమున్న ఎస్‌డీఎస్ సీఎంసీ (మిసెల్లు కట్టడం మొదలయ్యే గాఢత) సుమారు 8 మిల్లీమోలార్, ధనావేశమున్న సీటాబ్‌ది 0.9. కలిపితే రెండింటికన్నా కిందికి దిగుతుంది. తరకలు ఎక్కువగా కట్టేది రెండింటి అణువుల సంఖ్య దాదాపు సమానమయ్యే చోట.
క్రిమినాశకమే కావాలంటే నేల తుడిచే లిక్విడ్ వేరుగా చేయండి: బెంజాల్కోనియంతో ఆవేశం లేని ఆల్కహాల్ ఇథాక్సిలేట్ అనే సబ్బు పదార్థం. డ్రమ్ములో పాత ఎస్‌ఎల్‌ఈఎస్ మిగలకుండా కడగాలి.

ప్రశ్నించినవారు:
బోరు నీళ్లు పర్వాలేదా?

జవాబు (రాయగడ):
కఠిన జలమైతే 0.1 శాతం ఈడీటీఏ (నీటి కాఠిన్యాన్ని కట్టేసే పదార్థం) ముందే కరిగించండి.