రెక్క మీద మంచుతో టేకాఫ్: పైలట్ ఇష్టానికి వదిలేయాలా, గట్టి రూల్ పెట్టాలా?

గాలివాటం:
చలికాలంలో చిన్న విమానం కూలితే వార్తల్లో వెంటనే వచ్చే మాట "ప్రతికూల వాతావరణం". నాకీ మాట మింగుడు పడదు. ఆ ప్రమాదాల్లో కొన్ని ఇంజిన్ స్టార్ట్ చేయకముందే నేల మీదే ఖాయమైపోయి ఉంటాయి.

రాత్రంతా ఆరుబయట నిలబెట్టిన విమానం రెక్కల మీద తెల్లటి మంచు పొర పడుతుంది. ఉప్పుకాగితమంత మందం, అంత గరుకు ఉన్నా చాలు, లిఫ్ట్ (విమానాన్ని పైకెత్తే బలం) 30 శాతం దాకా తగ్గొచ్చు, డ్రాగ్ (వెనక్కి లాగే గాలి నిరోధం) 40 శాతం దాకా పెరగొచ్చు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఏళ్ల తరబడి చెబుతున్న లెక్కే ఇది. ఆ పొరకు బరువేమీ ఉండదు, అందుకే లైట్ తీసుకుంటారు. 2002 జనవరి 4న ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో చాలెంజర్ 604 బిజినెస్ జెట్ నేల వదలగానే పక్కకు ఒరిగి కూలింది. ఐదుగురూ చనిపోయారు. రెక్కల మీద మంచు తీయకుండానే బయల్దేరారు. ఆ ఉదయం అదే ఎయిర్‌పోర్టులో వేరే విమానాలు మంచు తీయించుకునే వెళ్లాయి. వాతావరణం అందరికీ ఒకటేగా?

అమెరికాలో "మంచును రుద్ది నున్నగా చేస్తే చాలు" అన్న వెసులుబాటు 2010 జనవరిలో పోయింది. కానీ ఆ నిబంధనలు పెద్ద విమానాలకు, టర్బైన్ ఇంజిన్లవాటికి, కిరాయికి తిప్పేవాటికి. సొంతానికి నడుపుకునే సింగిల్ ఇంజిన్ పిస్టన్ విమానానికి అంత సూటి రూల్ లేదు. అది పెట్టాలనే నా వాదన.

నేలబారు:
సగమే చెప్పారండీ. గాల్లో పట్టే మంచు మాటేమిటి? సున్నా డిగ్రీల కింద కూడా గడ్డకట్టని నీటి బిందువులు మబ్బుల్లో ఉంటాయి, రెక్కను తాకగానే అతుక్కుపోతాయి. సెస్నా 172 లాంటి మామూలు చిన్న విమానానికి దాన్ని వదిలించుకునే ఏర్పాటే లేదు. నేల మీద గంటసేపు తుడిచినా అక్కడ ఏం లాభం? ఇక రూలంటారా, ఎగిరేముందు దొరికే సమాచారమంతా తెలుసుకోవాలని ఇప్పటికే ఉంది, నిర్లక్ష్యంగా నడపకూడదనీ ఉంది. వాటిని పట్టించుకోనివాడు కొత్తదాన్ని పట్టించుకుంటాడా?

గాలివాటం:
ఆ మబ్బులోకి వెళ్లాలా వద్దా అన్నది తేల్చుకునేది కూడా నేల మీదే కదండీ. ఫోర్‌కాస్ట్ చూడటం ప్రీఫ్లైట్ (ఎగిరేముందు చేసే తనిఖీ) కాదా? రూల్ సంగతికొస్తే, సెస్నా కారవాన్ అనే విమానం రెక్కను చేత్తో తడిమి చూడాలని 2005లో ఎఫ్ఏఏ తప్పనిసరి చేసింది. "జాగ్రత్తగా ఉండండి" అనడం వేరు, "చెయ్యి పెట్టి చూడు" అనడం వేరు.

పాతమెకానిక్:
మీ ఇద్దరూ వదిలేసింది ఒకటుంది. ఎక్కువసేపు చెక్ చేయాల్సిన రోజే మనిషి తొందరగా ముగించేస్తాడు. వేళ్లు కొంకర్లు పోతుంటాయి, లోపల కూర్చున్నవాళ్లు హీటర్ ఎప్పుడు వేస్తారని చూస్తుంటారు. 172 రెక్క పైభాగం నేల మీంచి కనబడదు. నిచ్చెన వేసుకోవాలి, గ్లవ్ తీసి తడమాలి. ఆ చలిలో ఎంతమంది చేస్తారు?

పెట్రోల్ ట్యాంకు అడుగున నీరు గడ్డకట్టి ఉంటే, చెక్ చేయడానికి డ్రెయిన్ తిప్పి కప్పులోకి కొంచెం వదిలినప్పుడు అది రాదు. కప్పులో శుభ్రమైన పెట్రోల్ చూసి సంతోషిస్తాం, తర్వాత కరిగి అదే నీరు ఇంజిన్‌కు చేరుతుంది. క్రాంక్‌కేస్ బ్రీదర్ గొట్టం (ఇంజిన్ లోపలి ప్రెషర్‌ను బయటికి వదిలేది) మూతి మంచుతో మూసుకుంటే లోపల ప్రెషర్ పెరిగి ఇంజిన్ ముందువైపు ఆయిల్ సీల్ తన్నేస్తుంది, ఆయిలంతా బయటికే. ఈ గొట్టం వైపు వంగి చూసేవాళ్లు బహు తక్కువ.

కార్బొరేటర్‌లో (ఇంజిన్‌కు గాలీ పెట్రోలూ కలిపి పంపే భాగం) మంచుకైతే చలికాలమే అక్కర్లేదు. గాలిలో తేమ ఉంటే బయట 20 డిగ్రీలున్నా పడుతుంది.

కొత్తరెక్క:
2019 నవంబర్ 30న సౌత్ డకోటాలోని చాంబర్లేన్‌లో పీసీ-12 అనే సింగిల్ ఇంజిన్ విమానం కూలి 12 మందిలో 9 మంది పోయారు. మంచులో నిలిపి ఉంచిన విమానమే. రూల్ కావాలనడానికి ఇంకేం కావాలి?

నేలబారు:
దాన్ని ఇందులోకి లాగకండి. అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చిన కారణం తక్కువ ఎత్తులో స్టాల్, అంటే రెక్కలు లిఫ్ట్ కోల్పోవడం. దానికి తోడైనవి బరువు సరిగ్గా సర్దకపోవడం, ఏమీ కనబడని వాతావరణంలో బయల్దేరడం. సరే, బరువు లెక్క కూడా ప్రీఫ్లైటే అంటారేమో, అనండి, ఒప్పుకుంటా. కానీ మీరడిగే మంచు రూల్ దాన్ని ఆపేది కాదు.

పాతమెకానిక్:
హీటర్ మాటొచ్చింది కాబట్టి ఇదీ చెబుతా. చిన్న విమానాలు చాలావాటిలో క్యాబిన్‌కు వెచ్చదనం ఎగ్జాస్ట్ చుట్టూ తిరిగొచ్చే గాలితోనే. ఆ ఎగ్జాస్ట్ ఎక్కడైనా చీలితే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది, వాసన కూడా తెలియదు. 2019 జనవరి 21న పైపర్ మాలిబు సముద్రంలో కూలి ఫుట్‌బాలర్ ఎమిలియానో సాలా చనిపోయాడు. ఆయన రక్తంలో కార్బాక్సీహీమోగ్లోబిన్ (కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హీమోగ్లోబిన్) 58 శాతం ఉంది. బ్రిటన్ దర్యాప్తు సంస్థ సిఫారసుల్లో అలారం మోగించే డిటెక్టర్ ఉంది. రూల్ పెడితే ముందు దానికి పెట్టమంటా.

కొత్తరెక్క:
బాబాయ్ గారూ, రెక్క మీద వేడినీళ్లు పోస్తే సరిపోదా?

పాతమెకానిక్:
వద్దు నాయనా. కారిన నీళ్లు ఐలరాన్ (రెక్క చివర కదిలే పలక) కీళ్ల సందుల్లో చేరి మళ్లీ గడ్డకడతాయి. హ్యాంగర్ ఉంటే లోపల పెట్టు, లేదంటే ఎండకు తిప్పి కూర్చో. కరిగాక పొడిగా తుడిచి, కంట్రోల్స్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడు. తోకను మర్చిపోకు.