చేపలు పడే చోటు నలుగురికీ చెప్పాలా, దాచుకోవాలా?

పటమట కొత్తవాడు:
అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా ఈమధ్యే విజయవాడ వచ్చాను. మాది మెట్ట ప్రాంతం. చిన్నప్పుడు చెరువు గట్టున వెదురు కర్రతో గాలం వేయడం తప్ప పారే నీళ్లతో నాకు పరిచయం లేదు. పోయిన ఆదివారం బందరు కాలువ గట్టు మీద ఒక పెద్దాయన అరగంటలో మూడు జెల్లలు తీశారు. పక్కన నిలబడి చూసి, మోకాలి లోతు నీళ్లలోకి దిగి గాలం వేసుకునే చోట్లు ఎక్కడున్నాయండీ అని అడిగాను. ఆయన బెండు మీద నుంచి చూపు తిప్పకుండానే, "చోటు అడగకూడదు బాబూ, వెతుక్కోవాలి" అన్నారు. కోపంగా అనలేదు. అయినా ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. నది అందరిదీ కదా! చోటు చెబితే పోయేదేముంది? తెలిసినవారు చెప్పండి. చెప్పకూడదనుకుంటే ఎందుకో అదైనా చెప్పండి.

బెండు మీదే చూపు:
ఆ పెద్దాయన మాట సరైనది. నాలుగేళ్ల క్రితం రైవస్ కాలువ మీద ఒక పాత లాకు (కాలువ నీటిని ఆపి వదిలే తలుపుల కట్టడం) దిగువన నాకో చోటు ఉండేది. రాతికట్టు వారగా నీళ్లు మెల్లగా తిరుగుతూ ఉండేవి. తెల్లవారుజామున వెళితే రాగండి నీటి మీదకు వచ్చి మెదలడం కనిపించేది. ఒక మిత్రుడికి చూపించాను. అతడు ఫోటో తీసి పదిమందికి పంపాడు. నెల తిరిగేసరికి గట్టంతా ప్లాస్టిక్ గ్లాసులు, పగిలిన సీసాలు. తర్వాత రాత్రిపూట బ్యాటరీ పెట్టి నీళ్లలోకి కరెంటు వదిలేవారు కూడా వచ్చారు. ఆ పద్ధతిలో పెద్ద చేపతోపాటు వేలెడంత పిల్ల కూడా చస్తుంది. వాళ్లకు కావలసింది ఏరుకుని మిగతాది వదిలేసి పోయారు. పొద్దున నేను వెళ్లేసరికి గుర్రపుడెక్క అంచున తెల్లగా తేలుతున్నాయి. నా చోటు పోయిందని కాదు నా బాధ. ఆ నీళ్లకు నేనే శత్రువులను వెంటబెట్టుకు వెళ్లినట్టయింది. అప్పటి నుంచి నోరు విప్పడం మానేశాను.

పెనమలూరు పొలంగట్టు:
బెండు గారూ, మీ బాధ అర్థమైంది. అయితే నోరు విప్పకపోవడం వల్ల ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. యనమలకుదురు దిగువన వేసవిలో కృష్ణా నది చూస్తే కాలువంత కూడా పారదు. మా బామ్మర్ది గాలం పట్టుకుని దిగాడు. నీళ్లు మోకాళ్ల దాకే ఉన్నాయి, కింద ఇసుక గట్టిగా ఉంది. ఇంకో అడుగు వేశాడు, తల కనిపించలేదు. ఇసుక తోడిన గుంట అది. పైన నీళ్లు ఎక్కడ చూసినా ఒకే రంగు, ఒకే మట్టం. అక్కడ రెండు నిలువుల లోతు ఉందని ఒడ్డున నిలబడిన ఎవరికీ తెలియదు. గేదెలు కడుగుతున్న ఒకాయన తలపాగా విప్పి, రాయి ముడివేసి విసిరాడు. దాని కొస దొరకబట్టి బతికి వచ్చాడు.

తర్వాత తెలిసింది, ఆ గుంట సంగతి అక్కడ రోజూ గాలం వేసే నలుగురికీ తెలుసని. చెప్పలేదేమండీ అంటే, చెబితే జనం వస్తారన్నారు. వాళ్ల చేపల కోసం మా చెల్లెలి పసుపుకుంకుమలు పణంగా పెట్టారు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. చోట్లు చెప్పాల్సిందే.

సీతానగరం రేవు:
మా ఇంట్లో మూడు తరాలుగా వలే జీవనం. మీరందరూ సరదా కోసం వస్తారు, మాకు అది పూట గడిచే సంగతి. మీరు వచ్చినందుకు మాకు కోపం లేదు. వచ్చి చేసే పనులకే. తెగిన నైలాన్ దారం నీళ్లలోనే వదిలేస్తారు. అది మా వలలో చిక్కితే విడదీయడానికి పూటంతా పడుతుంది. ఒకసారి దారం కొసకు గాలం ఉండిపోయి నా తమ్ముడి అరచేతిలో దిగింది. నీటికాకి రెక్కలకు చుట్టుకుని ఎగరలేక చావడం కూడా చూశాను.

వల కట్టి ఉన్నచోట నీళ్లలో బెండ్లు వరసగా తేలుతుంటాయి. వాటి మధ్యలోకి నడుచుకుంటూ వచ్చేస్తారు. ఒడ్డున పడవ కనిపిస్తే ఆ పడవవారిని ఒక మాట అడగండి. ఎక్కడ దిగవచ్చో, ఎక్కడ అడుగు జారుతుందో మాకంటే బాగా చెప్పేవారు లేరు. అడిగినవారికి మేము ఎప్పుడూ కాదనలేదు. అడగనివారే ఎక్కువ.

పాత లస్కరు:
కాలువల మీద, లాకుల దగ్గర ముప్ఫై ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. మీ వాదన మధ్యలో ఒక సంగతి తప్పిపోతోంది. చోటు అంటే నేల ఒక్కటే కాదు. నేల, నీళ్లు, నెల కలిస్తేనే చోటు. ఒకే మలుపు జనవరిలో పసిపిల్లవాడు ఆడుకునేలా ఉంటుంది, ఆగస్టులో ఏనుగును తోసేస్తుంది.

ప్రకాశం బ్యారేజీ సంగతి తీసుకోండి. 1855 నాటి పాత ఆనకట్ట 1952 వరదకు తెగిపోతే 1957లో దీన్ని పూర్తి చేశారు. 70 గేట్లు. ఎగువన నీటిని 12 అడుగుల మట్టంలో నిలుపుతారు. అందువల్ల ఉండవల్లి, వెంకటపాలెం వైపు కరకట్ట పక్కన నీళ్లు నిలకడగా ఉంటాయి. గట్టు మీద కూర్చుని గాలం వేసేవారికి ఆ వైపు మంచిది. దిగేవారికి కాదు, ఒడ్డు దగ్గరే లోతు. దిగువన ఇందుకు తిరగబడి ఉంటుంది. గేట్లు మూసి ఉన్నన్నాళ్లు తిన్నెలు, మడుగులు, మోకాలి లోతు పాయలు. మనిషిని ఊరించేది అదే. గేటు లేచిందంటే ఆ తిన్నెలు ఉండవు.

మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చేది 3.97 లక్షల క్యూసెక్కుల దగ్గర, రెండోది 5.69 లక్షల దగ్గర. ఆ హెచ్చరికలు లంక గ్రామాలవారి కోసం. పాయ మధ్యలో నిలబడి గాలం వేసేవాడిని ఊపిరాడకుండా చేయడానికి అందులో వందో వంతు చాలు. హెచ్చరిక రాలేదు కదా అని దిగకండి. పైన పులిచింతల ప్రాజెక్టులో ఏం జరుగుతోందో తెలుసుకుని దిగండి. 2021 ఆగస్టులో అక్కడ ఒక గేటు కొట్టుకుపోయింది. అలాంటిది ముందే తెలిసే సంగతి కాదు కదా.

ఇంకొకటి. 2024 సెప్టెంబరు వరదలో బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. పడవలు కొట్టుకొచ్చి గేట్ల బరువు దిమ్మెలను గుద్దిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. అంత నీరు పోయాక దిగువన పాత తిన్నె పాతచోట ఉండదు, పాత గుంట పాతచోట ఉండదు. అంతకు ముందు ఎవరు చెప్పిన చోటైనా మళ్లీ కొత్తగా చూసుకోవాల్సిందే.

కొత్తవాడు గారూ, మీరు ముందు కాలువలతో మొదలుపెట్టండి. బ్యారేజీకి ఎడమ వైపు ఏలూరు, రైవస్, బందరు కాలువలు, కుడి వైపు పడమటి ప్రధాన కాలువ. దుగ్గిరాల లాకుల దగ్గర అది చీలి కొమ్మమూరు కాలువ అవుతుంది. లాకు దాటి నీళ్లు దూకేచోట నురగలో వేయకండి. నురగ సద్దుమణిగి నీళ్లు వెనక్కి తిరిగే అంచు ఉంటుంది, చిన్న పరిగెలు అక్కడ గుమిగూడుతాయి, వాటి కోసం వాలుగ వస్తుంది. వంతెన స్తంభాల వెనక నీడ కూడా అలాంటిదే. లాకుల రాతిమెట్ల మీద మాత్రం పాచి ఉంటుంది. చెప్పులతో దిగవద్దు. కాలువలో దిగవద్దు అసలే. కాలువ గట్లు నిట్టనిలువు, ప్రవాహం వేగం, పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

బ్రాడీపేట:
మాకు గుంటూరు నుంచి సముద్రమే సుఖం. నదిలో దిగాలని మీకంత పట్టుదల ఎందుకో నాకు అర్థం కాదు. బాపట్ల దాటి పది కిలోమీటర్లలోపే సూర్యలంక. ఇసుక నేల, అడుగు పెడితే దిగబడదు. మీరు విజయవాడవారు మచిలీపట్నం వెళ్లి మంగినపూడిలో దిగుతారు. అక్కడ నేల నల్లని ఒండ్రు. లోతు తక్కువే, కానీ కాలు పట్టేస్తుంది.

దిగేటప్పుడు కాళ్లు ఎత్తి వేయకండి, నేలను రాసుకుంటూ జరపండి. టేకు చేప ఇసుకలో పల్చగా పడుకుని ఉంటుంది. రాపిడి తగిలితే అదే తప్పుకుంటుంది, తొక్కితే తోక ముల్లు దించుతుంది. నాకు ఒకసారి మడమ దగ్గర దిగింది. వేడి నీళ్లలో కాలు పెట్టుకుని కూర్చున్నా ఆ సాయంత్రమంతా నరకం చూశాను. పోటు ఎక్కడం మొదలైన తొలి రెండు గంటల్లో కొయ్యింగలు ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు బలంగా ఉంటుంది. అలలు వెనక్కి లాగడం కూడా అంతే బలం. నడుము దాటి వెళ్లకండి. సూర్యలంకలో ఏటా పిల్లలు పోతున్నారు.

చోటు దాచడం గురించి నా మాట ఒక్కటే. సముద్రంలో దాచడానికి ఏముంది? ఇవాళ ఉన్న ఇసుక గాడి రేపు ఉండదు.

బెండు మీదే చూపు:
లస్కరు గారూ, మీ మాటలు ముందే విని ఉంటే నేను ఎన్నో తప్పులు చేసి ఉండేవాడిని కాదు. పొలంగట్టు గారూ, మీ బామ్మర్ది సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. గుంటల విషయంలో నేను మీ పక్షమే. వాటిని దాచినవాడు మనిషి కాదు.

అయితే కొరమేను సంగతి వేరు, అది కూడా వినండి. తొలకరి పడ్డాక కాలువ వార, మురుగు డొంకల్లో, తుంగ మొదళ్లలో కొరమేను గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికి వచ్చాక నీటి మీద ఎర్రని మరకలా ఒక గుంపు తిరుగుతుంది. దగ్గరికి వెళ్లి చూస్తే వందల పిల్లలు, ఒక్కొక్కటి బియ్యపు గింజంత, కుంకుమ రాలినట్టు ఉంటాయి. గుంపు మొత్తం ఒక్కసారిగా పైకి వచ్చి గాలి పీల్చి మళ్లీ మునుగుతుంది. దాని అడుగున తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆకలికి కాదు, కోపానికి గాలాన్ని కరుస్తాయి. ఆ సమయంలో కప్పబొమ్మ కట్టి గుంపు మీదుగా లాగితే చిన్నపిల్లవాడైనా రెండు కిలోల చేప తీయగలడు. తీసిన గంటలో పరిగెలు, గురకలు వచ్చి ఆ ఎర్ర మరకను తినేస్తాయి. నేను ఒకసారి ఆ పని చేశాను. అప్పుడు తెలియదు. చేపను సంచిలో వేసుకుని తిరిగి చూసేసరికి నీటి మీద టపటపమని చిన్న చప్పుళ్లు. అవి ఏమిటో ఇంటికి వెళ్లాక ఒక పెద్దాయన చెబితే అర్థమైంది.

ఇప్పుడు చెప్పండి, ఫలానా డొంకలో కొరమేను ఉంది అని ఇక్కడ రాస్తే, చదివిన వందమందిలో ఎర్రపిల్లలను చూసి గాలం వెనక్కి తీసుకునేవారు ఎంతమంది? అందుకే నేను చెప్పను.

పెనమలూరు పొలంగట్టు:
కొరమేను మాటకు నా దగ్గర జవాబు లేదు. మా పొలం పక్కనే అలాంటి డొంక ఉంది. ఈ వానాకాలం అక్కడ గాలం వేయను, వేయనివ్వను. కానీ ఒక్క చేప కోసం మొత్తం నదినే దాచేస్తామంటే ఒప్పుకోను. దాచిన చోటికి కరెంటు పెట్టేవాడు రాడనుకోవడం కూడా పొరపాటే, వాడు రాత్రంతా గట్లు తిరిగే రకం. మంచివాడికి తెలియకుండా పోతుందే తప్ప వాడికి కాదు. పదిమంది కళ్లు ఉన్న గట్టు మీద వాడు బ్యాటరీ దించలేడు.

సీతానగరం రేవు:
పొలంగట్టు గారు అన్నది మా రేవులో జరిగింది. మందు కలిపి చేపలు పట్టేవారిని గట్టు మీద గాలం వేసుకునే కుర్రాళ్లే చూసి మాకు ఫోను చేశారు. విషం, పేలుడు మందు రెండూ 1897 నాటి చట్టం నుంచే నేరం. కానీ చట్టం ఆ చీకట్లో గట్టు మీద లేదు. ఆ కుర్రాళ్లు ఉన్నారు.

బెండు మీదే చూపు:
రేవు గారూ, ఈ సంగతి నాకు తెలియదు. ఆలోచిస్తాను.

పటమట కొత్తవాడు:
ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. ఈ ఆదివారం ఏం చేశానో చెబుతాను.

ముందు దుగ్గిరాల వెళ్లాను. లస్కరు గారు చెప్పిన నీళ్లు వెనక్కి తిరిగే అంచును వెతుక్కోవడానికే గంట పట్టింది. కనిపించాక ఇన్నాళ్లూ ఎలా కనిపించలేదా అనిపించింది. రెండు జెల్లలు, ఒక చిన్న వాలుగ పడ్డాయి. వాలుగను వదిలేశాను. మధ్యాహ్నం కొల్లిపర మండలం వైపు నది ఒడ్డుకు వెళ్లాను. ఎగువ నుంచి నీళ్లు వదలడం లేదని ముందు కనుక్కున్నాను. ఒడ్డున పడవ దగ్గర ఉన్న ఆయనను అడిగితే, నాతోపాటు నీళ్లలోకి నాలుగు అడుగులు వచ్చి చేత్తో చూపించారు. "అదిగో ఆ తుమ్మచెట్టు నీడ పడుతోందే, దాన్ని దాటవద్దు" అన్నారు. వెదురు గడతో ముందు పొడుచుకుంటూ నడిచాను. మోకాలి లోతు, మోకాలి లోతు, మోకాలి లోతు. చెట్టు నీడ అంచున గడ పొడిచేసరికి చేయి కూడా దానితోపాటు నీళ్లలోకి వెళ్లిపోయింది. అడుగు తగల్లేదు.

చేపలు సరిగ్గా ఎక్కడ పడ్డాయో రాయను, బెండు గారి మాట మీద గౌరవంతో. గుంట ఎక్కడుందో మాత్రం రాస్తాను. కొల్లిపర వైపు నుంచి నదిలోకి ఇసుక బండ్లు దిగే బాట ఉంది. దాని చివర నుంచి దిగువకు దాదాపు రెండు వందల అడుగులు, ఒంటరి తుమ్మచెట్టుకు ఎదురుగా, ఒడ్డు నుంచి ఇరవై అడుగుల లోపలే. పడవాయనా నేనూ కలిసి అంచు దగ్గర ఒక సరివి కర్ర పాతి, చివరన ఎర్రగుడ్డ కట్టి వచ్చాం. గేట్లు ఎత్తేదాకా ఉంటుందేమో. ఎవరైనా అటు వెళితే అది నిలబడి ఉందో లేదో ఇక్కడ రాయండి. పడిపోతే వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లి పాతుతాను.