కణాలు కడిగేసినంక అది ఇంకా పందిదేనా?

మట్టెవాడ_గల్లీ: షుగర్ పుండ్ల మీద వేసే కొన్ని పొరలు పంది కణజాలంతోని చేస్తరట. కణాలన్నీ కడిగేస్తం, మిగిలేది ఉత్త కొల్లాజెన్ అనే ప్రొటీన్ అల్లిక, అది ఏ జంతువుదీ కాదు అంటున్నరు. మీరేమంటరు?

ల్యాబ్_కోటు: పందిది కాదు మరి. ఎస్‌డీఎస్, ట్రైటాన్ లాంటి డిటర్జెంట్లకు కణం పొర కరిగిపోతది. ఆ తర్వాత డీఎన్‌ఏజ్ ఎంజైముతో మిగిలిన డీఎన్‌ఏ ముక్కలైతది. 2011లో అమెరికా పరిశోధకుడు బడిలాక్ బృందం, కణాలు పోయినయ్ అనేందుకు కొలత గూడ చెప్పింది: ఎండు బరువు మిల్లీగ్రాముకు 50 నానోగ్రాముల లోపు డీఎన్‌ఏ, ముక్కల పొడుగు 200 బేస్ పెయిర్ల (డీఎన్‌ఏ నిచ్చెన మెట్ల) లోపు.

పోచమ్మమైదాన్_కుర్రోడు: 51 ఉంటే పంది, 49 ఉంటే కాదా 😂

ల్యాబ్_కోటు: నవ్వుకో. కొలత లేకుంటే సైన్స్ ఏంది?

రిటైర్డ్_సిస్టర్: 50 ఒక్కటే పట్టుకోకు తమ్మీ. పంది కణాల మీద ఆల్ఫా-గాల్ అనే చక్కెర ఉంటది, దానికి ఎదురుగ మనందరి రక్తంల యాంటీబాడీలుంటయ్. ఆ చక్కెర అల్లిక మీద గూడ మిగలొచ్చు, డీఎన్‌ఏ లెక్కల అది కనపడదు. 2001లో కణాలు తీసేసినమన్న పంది కవాటాలు వియన్నాలో నలుగురు పిల్లల గుండెకు పెట్టిన్రు. ముగ్గురు చనిపోయిన్రు. తర్వాత చూస్తే కణాలు పూర్తిగా పోనేలేదు.

ల్యాబ్_కోటు: నేననేదీ అదే! అప్పటికి ఈ కొలత లేదు. అట్లని ఊకె కడిగినా కష్టమే. అల్లికల గ్లైకోజెన్... సారీ, గ్లైకోసమినోగ్లైకాన్లు (నీళ్లను పట్టి ఉంచే చక్కెర గొలుసులు) కొట్టుకపోతయ్, లోపల మిగిలిన ఎస్‌డీఎస్ కొత్త కణాలను చంపుతది.

మట్టెవాడ_గల్లీ: నేనడిగింది గుండె సంగతి కాదు. పోయినేడు మా నాయిన మడిమె పుండుకు ఒక ప్రైవేటు దవాఖానల పొర వేసిన్రు. బిల్లుల ‘స్పెషల్ డ్రెస్సింగ్’ అనే ఉన్నది. డబ్బా మీద చదివితే తెలిసింది, పందిదని.

ల్యాబ్_కోటు: మతం గొడవ తేకు అన్నా. తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థ వాళ్లు పంది పిత్తాశయంతోని చేసిన పుండు పొర కోలెడెర్మ్‌కు మన దేశంలనే అనుమతి వచ్చింది.

మట్టెవాడ_గల్లీ: మాకేసింది అది కాదు, బయటి దేశపు సరుకు. మతం పేరు నేనెత్తిన్నా? మా నాయిన సరే అనేటోడేమో. ఎవ్వలన్న అడిగిన్రా?

ల్యాబ్_కోటు: అడిగితే సగం మంది వద్దంటరు. అండ్ల కొందరికి పాదమే పోతది. నేను చూసిన. అన్నీ చెప్పుకుంట కూసుంటే వైద్యం నడువది.

మట్టెవాడ_గల్లీ: గట్ల చెప్పు! పొద్దుగాల నుంచి నానోగ్రాములు లెక్కపెట్టింది గిందుకా? ‘కణాలు లేవు గద’ అంటే ఇగ మాకు చెప్పే పనిలేదన్నట్టు.

రిటైర్డ్_సిస్టర్: సంతకం కాగితంల ఒక్క లైను. పందిదో, ఆవుదో, దానమిచ్చిన మనిషిదో. ఎంతసేపు పడ్తది?

ల్యాబ్_కోటు: ఓపీ నిండ జనమున్నప్పుడు మీరే చెప్పి చూడున్రి సిస్టర్.

కాజీపేట_జంక్షన్: ఇంతకు పుండు మానిందా అన్నా?

మట్టెవాడ_గల్లీ: మానింది. నాయినకు ఇంకా చెప్పలే.

ల్యాబ్_కోటు: చూసినవా, నువ్వూ చెప్పలే గద!

మట్టెవాడ_గల్లీ: నేను కొడుకును. సంతకం తీసుకున్నది నేను కాదు.