సముద్రంలో పిల్ల ఆల్చిప్పల్ని పట్టి ముత్యాలు పెంచడం సబబేనా?

ఉప్పుటేరు: పసిఫిక్ సముద్రంలోని ఫ్రెంచ్ పాలినేసియా దీవుల్లో నల్ల ముత్యాల సాగు దాదాపు మొత్తం సముద్రంలో దొరికే పిల్ల ఆల్చిప్పల మీదే నడుస్తోందట. గుడ్ల నుంచి పిల్లల్ని తీసే హేచరీ పెట్టుకోకుండా ఇదేం పద్ధతండీ? మన దగ్గర టైగర్ రొయ్య పిల్లల కోసం ఏటి మొగల్లో వలలు లాగి, వాటితో పాటు పడ్డ చేపపిల్లల్ని గట్టున పారబోసిన రోజులు మర్చిపోయామా?

తాడుముడి: అన్నా, ఆ పోలిక కుదరదు. అక్కడ వల లాగరు. తాడు పొడవునా నల్లటి షేడ్‌నెట్ ముక్కలు గుచ్చి, లగూన్‌లో, అంటే పగడపు దిబ్బల మధ్య నిలిచిన సముద్రపు నీళ్లలో, కొన్ని మీటర్ల లోతున వేలాడదీస్తారు. ఆల్చిప్ప గుడ్లు లక్షల్లో వదులుతుంది. పిల్లలు రెండు మూడు వారాలు నీళ్లలో కొట్టుకుపోయాక దేనికో ఒకదానికి అతుక్కోవాలి. చోటు దొరక్క, చేపల నోట్లో పడి పోయేవే ఎక్కువ. తాడు ఆ చోటు ఇస్తుందంతే. కాస్త ఎదిగాక, అవి అతుక్కోడానికి వదిలిన నారపోగులు కత్తితో తెంచి విడదీస్తారు, చిప్ప అంచున బెజ్జం వేసి వేరే తాడుకు కడతారు. అడుగున ఉన్న తల్లి చిప్పల జోలికి పోరు.

ఉప్పుటేరు: మరి ఆస్ట్రేలియాలో బ్రూమ్ వైపు డైవర్లు అడుగుకు దిగి చేత్తోనే ఏరుతున్నారుగా?

తాడుముడి: అది వేరే సంగతి. కోటా ఉంది, సైజు నిబంధన ఉంది. రెండిటినీ ఒకే గాటన కట్టకండి.

ల్యాబ్‌కోటు: హేచరీ అంటే పుణ్యకార్యం అనుకుంటున్నారు. మన్నార్ సింధుశాఖలో చిప్పలు ఒక ఏడాది గుట్టలుగా ఉంటే తర్వాత ఏళ్ల తరబడి కనబడవు. 1961 తర్వాత అక్కడ ముత్యాల వేటే జరగలేదు. తూత్తుకుడిలో మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) వాళ్లు 1973లో ముత్యం పండించారు గానీ చిప్పలకే కటకట. అందుకే 1981లో హేచరీలో పిల్లల్ని తీశారు. గతిలేక చేసిన పని! పైగా నాలుగైదు తల్లుల నుంచే లక్షల పిల్లల్ని తీస్తూ పోతే అంతా మేనరికమే.

ఉప్పుటేరు: అయితే పాలినేసియాలో ఏ నష్టమూ లేదంటారా?

ల్యాబ్‌కోటు: ఎందుకు లేదు? నన్నడిగితే గొడవంతా తరలింపు దగ్గరే. పిల్లలు బాగా పడే లగూన్ల నుంచి వేరే దీవుల ఫారాలకు అమ్ముతారు. వాటితో పాటు స్పాంజీలు, రోగాలూ ప్రయాణం కడతాయి. 1985లో అక్కడి టకపోటో దీవిలో చిప్పలు కుప్పలుగా చచ్చాక ఈ భయం ఊరికే అనలేం. ఇలా కలగలిపేసరికి దీవి దీవికీ ఉన్న జన్యు తేడాలు చెరిగిపోతున్నట్టు పరిశోధనల్లోనూ తేలింది.

తాడుముడి: ఇది ఒప్పుకుంటా. ప్లాస్టిక్ కూడా కలపండి. ధరలు పడి ఫారాలు మూతపడ్డప్పుడు తాళ్లు, నెట్లు నీళ్లలోనే వదిలేశారు. వేసిన ప్రతి తాడూ తీసినట్టు చూపితేనే మళ్లీ లైసెన్సు ఇవ్వాలి.

ఉప్పుటేరు: చేతులెత్తేసినవాడికి లైసెన్సుతో పనేముంది తమ్ముడూ? తాడు వేసే రోజే డిపాజిట్ కట్టించుకోవాలి.